జోలలో ఆగే చోటు

నల్లబల్ల మీద ‘ఇతివృత్తం’ అని రాసి టీచరు వెనక్కి తిరిగింది. ఆ మాట రాయగానే తరగతిలో ఆవులింతలు మొదలవుతాయని ఆమెకు తెలుసు. వాచకంలో ప్రతి పాఠం నెత్తినా ఆ మాట, దాని పక్కన ఇంకో మాట అచ్చేసి ఉంటాయి. ధైర్యం. స్నేహం. త్యాగం. పరీక్షలో పిల్లలు ఆ ఒక్క మాటా రాసి చేతులు దులుపుకుంటారు. దిద్దేవాళ్ళు మార్కులేసి చేతులు దులుపుకుంటారు.

ఆ రోజు ఆమె వాచకాలు మూసెయ్యమంది. ఊరంతా ఎగబడి చూస్తున్న ముసుగువాడి సినిమా ఎంతమంది చూశారని అడిగింది. ఎత్తని చెయ్యి లేదు. ముందు బల్లలోని వాగుడుకాయ రెండు చేతులూ ఎత్తింది. ఆ పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. కన్నతల్లి కూడా బడికి వచ్చినప్పుడు, మా వాగుడుకాయ ఎలా చదువుతోందండీ అనే అడుగుతుంది.

“అయితే చెప్పండి. ఆ సినిమాకి ఇతివృత్తం ఏమిటి?”

లోకాన్ని కాపాడటం అన్నారు. మంచి గెలవడం అన్నారు. బలం, బాధ్యత, త్యాగం అన్నారు. ఆమె అన్నిటినీ వరసగా రాసింది. రాశాక, ఇవేవీ లేని సూపర్‌హీరో సినిమా ఒక్కటి చెప్పమంది. ఎవరికీ తట్టలేదు. అన్ని సినిమాల్లోనూ ఉండేది ఈ ఒక్కదాని సొత్తు ఎలా అవుతుందంటూ ఒక్కొక్క మాటనీ అడ్డంగా కొట్టేసింది.

“ఒక్క మాట ఇతివృత్తం కాదు. అది వాక్యం కావాలి. ఆ వాక్యం విని ఎవరో ఒకరు లేచి, కాదు అనగలగాలి. త్యాగం అంటే ఎవరు కాదంటారు?”

“మా మావయ్య అంటాడు టీచర్,” అని వెనక బల్ల నుంచి వినపడింది. “దేన్నైనా కాదంటాడు.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నిరుడు భర్త పోయినప్పటి నుంచి ఆమె నవ్వితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. చూడనట్టు ఉండటం ఆమె అలవాటు చేసుకుంది.

కథ ఎవరైనా చెప్పమంటే వాగుడుకాయ ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. హీరో లిఫ్టులు బాగుచేసే మనిషి. తల్లి లేని చిన్న కూతురు. రాత్రి డ్యూటీ ఉందని ఆ పాపకి చెప్పి, ముసుగు వేసుకుని ఊరిని కాపాడటానికి పోతాడు. ఆఖర్న ఊరు గండం గట్టెక్కాక ఇంటికి వస్తాడు. డ్యూటీ అయిపోయిందా నాన్నా అంటుంది పాప. అయిపోయిందమ్మా అంటాడు. అంతే, సినిమా అయిపోతుంది.

“మరి వాక్యం?”

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. “అబద్ధం చెప్పినా, కాపాడితే చాలు.”

“కాదు,” అన్నాడు వెనక బల్ల కుర్రాడు, ఈసారి మావయ్య ఊసు లేకుండా. “కాపాడినా అబద్ధం అబద్ధమే.”

టీచరుకి చాలా రోజుల తర్వాత పాఠం చెప్పినట్టు అనిపించింది. రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాసింది. గంట కొట్టబోతున్నారు. ఇంకొక్కరైనా నోరు విప్పుతారేమోనని, వాళ్ళకి దగ్గరగా ఉంటుందని మాట మార్చి అడిగింది. “ఇంకెవరు చెబుతారు, ఈ సినిమా థీమ్ ఏమిటో?”

“థీమా టీచర్?” వాగుడుకాయ మొహం వెలిగింది. “అది అందరికీ వచ్చు.”

అని కూనిరాగం ఎత్తుకుంది.

పిల్లలకి థీమ్ అంటే హీరో కనపడినప్పుడల్లా వెనకాల మోగే బాణీ. తప్పు తనదేనని నవ్వుకుంటూ టీచరు సుద్ద ముక్క కోసం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. బాణీ మెల్లగా మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. తరగతంతా గొంతు కలిపింది. పై మెట్టు మీద ఒక్కసారిగా అందరూ ఆగారు. ఆ ఖాళీలోకి నలభై అరచేతులు బల్లల మీద ఒకేసారి పడ్డాయి. తర్వాత రాగం మళ్ళీ అందుకుని కిందికి దిగింది.

“మళ్ళీ పాడు,” అంది టీచరు.

శిక్షేమోనని ఆ పిల్ల లేచి నిలబడి సన్నగా పాడింది. బల్లల మీద ఎవరూ కొట్టలేదు. ఆగే చోట తరగతి అంతా ఊపిరి బిగబట్టి టీచరు వైపు చూసింది.

ఆమె కుడి చెయ్యి గాలిలో ఉంది, పడుకున్న పిల్ల వీపు మీద జోకొడుతూ మధ్యలో ఆపినట్టు.

*

ఇంటి గుమ్మం పక్కన చెప్పుల గూడు, దాన్ని ఆనుకుని నల్లటి వయొలిన్ పెట్టె. పాప పుట్టినప్పుడు వాళ్ళిద్దరూ ఒక మాట అనుకున్నారు. గడప దాటాక సినిమా లేదు. అతను సినిమాల్లో వయొలిన్ వాయించేవాడు, పొద్దున పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చాక కూడా వేళ్ళు కంచం అంచున తాళం వేస్తూ ఉండేవి. అందుకే ఆమె ఆ మాట ఇమ్మంది. అతను పెట్టెను చెప్పుల పక్కన దించి, దొరసానిగారి ఆజ్ఞ అన్నాడు. ఆ రోజు నుంచి అది లోపలికి రాలేదు. అతను పోయాక కూడా దాన్ని లోపలికి తేవాలని ఎవరికీ అనిపించలేదు. అత్తగారు చెప్పులు సర్దినప్పుడల్లా దాని దుమ్ము కూడా తుడుస్తుంది.

పాపని ఇంట్లో పిచ్చుక అంటారు. అన్నం దగ్గర గింజలు ఏరుకున్నట్టు తింటుందని తండ్రి పెట్టిన పేరు. ఎనిమిది కొట్టేసరికి దాన్ని పడుకోబెట్టడం అతని పని. ఆ జోలకి మాటల్లేవు. కూనిరాగం, వీపు మీద చెయ్యి, అంతే. ఒక చోట గొంతూ చెయ్యీ రెండూ ఆగిపోయేవి. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఆమె ఆ ఆగడం వినగానే పంపు కట్టేసేది, పాప నిద్రపోయిందా లేదా అని అతను ఊపిరి వింటున్నాడని. నీళ్ళ చప్పుడు కూడా ఉండకూడదని.

ఇప్పుడు ఆ పని ఆమెది. మొదట్లో ఆ చోటు గబగబా దాటిపోయేది. అక్కడ ఆగాలమ్మా అని పిచ్చుకే కళ్ళు మూసుకుని సరిచేసింది. ఆ ఇంట్లో అతను మిగిల్చిన వాటిలో అల్మరాలో పెట్టడానికి వీల్లేనిది అదొక్కటే.

ఆ రాత్రి ఆమె ఆగే చోట ఆగి, మళ్ళీ అందుకోలేకపోయింది. చెవుల్లో నలభై అరచేతులు పడ్డాయి.

పాప పడుకున్నాక అత్తగారికి చెప్పింది. అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతూ విని, ఆ సినిమాకి సంగీతం ఎవరని అడిగింది. ఎవరో ఇద్దరికీ తెలుసు. అతనితో కలిసి చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకున్నవాడు, పాడె మోసినవాడు, టీచరుని చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆమెకి అతను అన్నయ్య.

ఆమెకి ఆ రోజు కళ్ళ ముందుకు వచ్చింది. మనిషి పోయిన మర్నాడు ఇంటినిండా జనం. పాప నిద్రపోక ఏడుస్తుంటే ఆమె లోపలి గదిలో ఆ జోల ఎత్తుకుంది. తలుపు ఓరగా ఉంది. అవతల కుర్చీలో కూర్చున్న అన్నయ్య, సరిగ్గా ఆగే చోట, చటాక్కున లేచి ఫోను పట్టుకుని వరండాలోకి పోయాడు. అప్పుడు ఏడుపు ఆపుకోలేక లేచి వెళ్ళాడనుకుంది.

“విని పట్టుకుపోయాడు అత్తయ్యా,” అంది. “శవం లేచిన ఇంట్లోంచి.”

అత్తగారు కొడుకు చొక్కా ఒకటి ఇంకా ఉతుకుల్లో వేస్తూనే ఉంటుంది. దాని మడత మీద అరచెయ్యి రుద్దుతూ, తొందరపడి మాట తూలొద్దని, ముందు ఆ సినిమా చూసి రమ్మని చెప్పింది.

మర్నాడు స్టాఫ్ రూములో, ఎవరో తెలిసినవాళ్ళ సంగతి అన్నట్టుగా, ఒకరి బాణీ ఇంకొకరు పెట్టుకుంటే ఏం చేస్తారని ఆమె లెక్కల మాస్టారిని అడిగింది. ఆయన టీలో బిస్కెట్ ముంచుతున్నాడు. లెక్కల్లో సగం సూత్రాలకి కనిపెట్టినవాడి పేరు ఉండదండీ, గట్టిగా అరిచినవాడి పేరు ఉంటుంది అన్నాడు. ఆయనకి అది హాస్యం. బిస్కెట్ విరిగి టీలో పడేసరికి ఆ సంగతి వదిలేసి దాన్ని వెతుక్కున్నాడు.

*

సెలవు రోజు మధ్యాహ్నం ఆట. ఒంటరిగా వచ్చిన మనిషిని చూసి టిక్కెట్లు చింపేవాడు, పిల్లలు లోపలున్నారా మేడమ్ అని అడిగాడు. ఆమె తలూపింది.

హీరో చెయ్యెత్తగానే బాణీ మెట్లెక్కింది. ఇత్తడి వాద్యాలు, డప్పులు, అన్నీ కలిసి ఎక్కాయి. పై మెట్టు మీద అంతా ఆగింది. తెర మీద పిడికిలి గాలిలో ఆగింది. హాలంతా ముందుకి వంగింది. అప్పుడు దెబ్బ పడింది. పక్క కుర్చీలోని పిల్లవాడు తండ్రి తొడ మీద గుద్దాడు.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ పడింది. ఆమె బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. తన ఇంటి నిశ్శబ్దాన్ని తీసుకొచ్చి దాని నోట్లో పిడికిలి కుక్కారని అనుకుంది. ఆ మాట ఆమెకి నచ్చింది. రేపు అన్నయ్య మొహం మీద అనడానికి సిద్ధంగా పెట్టుకుంది.

ఆఖరి సన్నివేశం. ముసుగు తీసి చేతిలో పట్టుకుని హీరో ఇంటికి వస్తాడు. అప్పుడు వాద్యాలన్నీ పోయి ఒక్క వయొలిన్ మిగిలింది. అదే బాణీ, మెల్లగా. మొదటి స్వరానికి ముందు కమాను తీగ మీద సన్నగా గీరిన చప్పుడు.

ఆ గీర ఆమెకి తెలుసు. పెళ్ళైన కొత్తల్లో దాన్ని వెక్కిరించేది, గొంతు సవరించుకోకుండా మీ వయొలిన్ మాట్లాడదా అని. ఎంత సాధన చేసినా పోలేదు. ఇంకెవరి చేతిలోనూ అది లేదు.

ఆగే చోట ఈసారి దెబ్బ పడలేదు. డ్యూటీ అయిపోయిందా నాన్నా అంది తెర మీది పాప. లైట్లు వెలిగాయి. జనం లేచారు. ఊడ్చేవాళ్ళు వచ్చి, అమ్మా కాస్త కాళ్ళు అనేదాకా ఆమె లేవలేదు.

ఆ సినిమాకి అతను వాయించాడు. అంటే అతనికి తెలుసు. కాదు, పాత రికార్డింగులోంచి ఎక్కడో ముక్క కత్తిరించి అతికించి ఉంటారు. ఇంటికి నడుస్తూ దారంతా ఆమె ఆ రెండో మాటనే గట్టిగా పట్టుకుంది.

*

రికార్డింగ్ గది ఒక పాత భవనం కింది అంతస్తులో ఉంది. మందమైన తలుపు, గోడలకి బూడిదరంగు స్పాంజి. అన్నయ్య తెర ముందు కూర్చుని ఎవరో పరిగెత్తే బొమ్మకి అడుగుల చప్పుడు సరిచూసుకుంటున్నాడు. ఆమెని చూసి లేచాడు.

“చెప్పకుండా వచ్చావేం చెల్లెమ్మా? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా.”

ఆమె కూర్చోలేదు. “అది మా పాప జోల,” అంది.

అతను బల్ల మీద చప్పుడు తగ్గించే మీటని కిందికి లాగాడు. అప్పటికే ఏమీ మోగడం లేదు. అయినా పూర్తిగా కిందికి లాగి, దాని మీద వేలు అలాగే ఉంచాడు. పాప బాగుందా, అత్తయ్యగారు బాగున్నారా అని అడిగాడు.

“ఆ రోజు తలుపు అవతల కూర్చుని విన్నారు మీరు.”

“విన్నాను. కూర్చోలేక లేచి వెళ్ళిపోయాను.”

“ఫోను పట్టుకుని వెళ్ళారు.”

“ఏదో ఒకటి పట్టుకోవాలిగా చేతిలో.” అతను కుర్చీ ఆమె వైపు జరిపాడు. “అప్పటికే అది రికార్డింగ్ అయిపోయింది చెల్లెమ్మా. వాడే వాయించాడు. వాడు పోయిన మర్నాడు మీ ఇంట్లో, నీ గొంతులో అది వినపడితే నాకెలా ఉంటుందో చెప్పు.”

ఆమె దాచిపెట్టుకున్న మాట వెతుక్కుంది. అనుకున్నంత పదునుగా రాలేదు. “ఆయన పాప ఊపిరి వినడానికి ఆగే చోటది. దాంట్లో మీరు గుద్దు పెట్టారు.”

అతను తల అడ్డంగా ఊపాడు.

“గుద్దు కోసమే ఆ చోటు,” అన్నాడు. “నేనే అడిగాను వాణ్ణి. దెబ్బ పడేముందు జనం ఊపిరి బిగబట్టాలిరా, అలాంటిదొకటి కావాలి అన్నాను. నెల రోజులు చంపుకుతిన్నాను. ఒకరోజు ఇది పంపాడు.”

“నేను నమ్మను.”

అతను ఫోను తీసి, వెతికి, బల్ల మీది స్పీకర్లకి తగిలించాడు. వినాలని ఉందా అని కళ్ళతో అడిగాడు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

ముందు ఫ్యాను చప్పుడు వచ్చింది. వాళ్ళ పడగ్గది ఫ్యాను, తిరిగినప్పుడల్లా టక్కుమనేది. తర్వాత అతని గొంతు, పెదవులు ఫోనుకి ఆనించి గుసగుసగా.

“ఇదిగో విను. ఇక్కడిదాకా ఎక్కుతా.” కూనిరాగం. “ఇక్కడ వదిలేస్తా. నీ గుద్దు ఇక్కడ వేసుకో.” మళ్ళీ రాగం.

దూరం నుంచి పంపు నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. అది ఆగిపోయింది. ఆమె గొంతు, ఆమెదే, వంటింట్లోంచి: “పాప పడుకుందా?”

“ఆఁ, ఇప్పుడే,” అన్నాడు అతను గట్టిగా. మళ్ళీ గొంతు తగ్గించాడు. “మూడు రోజులుగా పాప మీద వేసి చూస్తున్నాన్రా. ఆగిన చోట కళ్ళు తెరిచి చూస్తుంది, తర్వాతేమిటా అని. అదయ్యాక టక్కున పడుకుంటుంది. పాప చూసిందంటే హాల్లో జనమంతా చూస్తారు. నీ భయం పోయిందా?”

నవ్వు. అక్కడితో అయిపోయింది.

ఆమెకి ఆ రోజు గుర్తులేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. అన్ని రోజుల్లాగే ఒక రోజు. గిన్నెలు కడిగి, పంపు కట్టి, అడిగి, బదులు విని, చేతులు తుడుచుకుని ఉంటుంది. పంపు కట్టి ఆమె ఇచ్చిన నిశ్శబ్దంలో అతను పని చేసుకున్నాడు.

తెర మీద పేరు వేసే సంగతి అన్నయ్యే ఎత్తాడు. పేరు వద్దన్నది వాడేనని చెప్పాడు. ఇంట్లో తెలిస్తే పెట్టెతో పాటు నన్నూ చెప్పుల పక్కన నిలబెడుతుంది, సినిమా ఆడాక నేనే మెల్లగా చెప్పుకుంటాను అన్నాడట. చెప్పుకునే లోపలే పోయాడు. తర్వాత తను చెబుదామని రెండుసార్లు వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోయానన్నాడు. ఇప్పుడైనా పేరు వేయిస్తానన్నాడు.

“ఆయన వద్దన్నారుగా,” అంది ఆమె.

“చెల్లెమ్మా.”

“ఇలాంటివి ఇంకా ఉన్నాయా? పాప మీద వేసి చూసినవి?”

అతను ఫోను తిరగేసి బల్ల మీద పెట్టాడు. అదే జవాబు. ఆమె గుమ్మం దాకా వెళ్ళింది. మందపాటి తలుపు లాగడానికి రెండు చేతులూ కావలసివచ్చాయి. అతను సాయానికి లేచాడు గాని, ఆమె అప్పటికే లాగేసింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మడమ పెట్టెకి తగిలింది. తగిలిందో, తన్నిందో. అది ఒరిగి గోడకి ఆనుకుంది. ఆమె దాన్ని సరిచేయకుండా లోపలికి పోయింది. తలనొప్పిగా ఉందని, పాపని పడుకోబెట్టమని అత్తగారికి చెప్పింది.

*

నల్లబల్ల మీద పాత వాక్యాలు చెరపకుండా ఉంచారు పిల్లలు. చుట్టూ సుద్దతో గీత గీసి, పక్కన ‘చెరిపితే ముసుగువాడు వస్తాడు’ అని రాశారు. లెక్కల మాస్టారు ఆ గీతకి అవతల మిగిలిన జాగాలో లెక్కలు ఇరికించుకున్నట్టున్నాడు, సున్నాలన్నీ సన్నగా ఉన్నాయి.

“మీరేమంటారు టీచర్?” అని అడిగింది వాగుడుకాయ. “పైదా, కిందిదా?”

మామూలుగా ఆమె ఎటూ చెప్పదు. ఆ రోజు చెప్పింది.

“కిందిది. కాపాడింది ఊరిని. అబద్ధం చెప్పింది ఇంట్లో. ఊళ్ళో చేసిన మంచి ఇంట్లో అబద్ధానికి చెల్లదు.”

గొంతు ఆమె అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. తరగతి బిగుసుకుపోయింది. కింది వాక్యం చెప్పిన కుర్రాడు కూడా గెలిచినట్టు లేడు. తల వంచుకుని పెన్ను మూత పెట్టి తీస్తున్నాడు.

వాగుడుకాయ మాత్రం ఊరుకోలేదు. “కానీ ఆ పాప హాయిగానే ఉందిగా టీచర్.”

“తెలియదు కాబట్టి హాయిగా ఉంది.”

“తెలియదని సినిమాలో ఎక్కడా చెప్పలేదు టీచర్.” ఆ పిల్ల మొదటిసారిగా మెల్లగా మాట్లాడింది. “డ్యూటీ అయిపోయిందా నాన్నా అని అడిగేటప్పుడు అది నాన్న మొహం చూడదు. ముసుగున్న చేతి వంక చూస్తుంది. నేను మూడుసార్లు చూశాను. మొదటిసారి నాకూ కనపడలేదు.”

టీచరుకి కూడా కనపడలేదు. ఆ సమయంలో ఆమె వయొలిన్ వింటోంది.

“అది వాక్యంగా చెప్పు,” అంది చివరికి.

“కూతురికి ముందే తెలుసు. నాన్నకే తెలియదు.”

కాదు అనడానికి ఎవరూ లేవలేదు. ఆమె రాయడానికి సుద్ద తీసుకుంది. ‘కూతురికి’ అన్నంతవరకు రాసేసరికి గంట కొట్టారు.

*

సాయంత్రం వయొలిన్ పెట్టె నిటారుగా ఉంది. అత్తగారే నిలబెట్టి ఉంటుంది. ఎనిమిదవుతుండగా వాకిట్లో ఆటలు ముగించుకుని పిచ్చుక కాళ్ళు కడుక్కుని వచ్చింది. గది దీపం ఆర్పలేదు ఆమె. మామూలుగా ఆర్పి, పాప వీపు వైపు కూర్చుంటుంది. ఈసారి మొహం వైపు కూర్చుంది.

కూనిరాగం ఎత్తుకుంది. మెట్లెక్కింది. పై మెట్టు మీద గొంతు ఆపి చెయ్యెత్తింది.

పిచ్చుక కళ్ళు తెరిచింది. కళ్ళు పెద్దవి చేసుకుని, తర్వాతేమిటన్నట్టు, సరిగ్గా అతను చెప్పినట్టే చూసింది.

ఆమె చెయ్యి దించలేదు. తనిప్పుడు చేస్తున్నదీ అదేనని, పాప మీద వేసి చూడటమేనని తెలిసింది.

“పిచ్చుకా. నాన్న ఇక్కడ ఎందుకు ఆగేవాడు?”

పాప కాసేపు ఆలోచించింది. చెప్పవచ్చా లేదా అని తల్లి మొహం చూసి లెక్క కట్టుకుంటున్నట్టుంది.

“గుద్దు పడటానికి,” అంది.

“నీకెవరు చెప్పారు? వాకిట్లో పిల్లలా?”

“ఊఁహూఁ. నాన్నే. నాకు కాదు, ఫోన్లో మావయ్యకి.” దుప్పటి అంచు నోటిదాకా లాక్కుని మాట్లాడింది. “నాన్న ఆగినచోట కళ్ళు తెరిస్తే నాన్నకి సంతోషం. మళ్ళీ మూసుకుంటే ఇంకా సంతోషం. పడుకున్నాననుకుని ఫోన్లో చెప్పేవాడు. నేను వినేదాన్ని.”

“పడుకునేదానివి కాదా?”

“తర్వాత పడుకునేదాన్ని. నాన్న వెళ్ళాక.”

“నీకు తెలుసని నాన్నకి తెలుసా?”

పిచ్చుక తల అడ్డంగా ఊపింది.

ఆమె వంటింటి వైపు చూసింది. అక్కడ అత్తగారు పంపు విప్పి ఏదో కడుగుతోంది. “మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే నాన్నని కూడా పెట్టె పక్కన పెడతావుగా,” అంది పాప.

ఎత్తిన చెయ్యి అప్పటికే ఒడిలో పడి ఉంది. ఆ ఇంట్లో అందరూ ఒకరికొకరు తెలియనట్టు ఉండి కాపాడుకున్నారు. ఎవరి నుంచి కాపాడుకున్నారో ఇప్పుడు ఆమెకి తెలిసింది. అతను ఉంటే తిట్టేది. తిట్టి, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, మూడో రోజు ఆ బాణీ ఒకసారి వయొలిన్ మీద వినిపించమనేది. పెట్టె లోపలికి వచ్చేది. ఇవన్నీ అతను ఆమెకి దక్కకుండా పట్టుకుపోయాడు.

“అమ్మా, సగంలో ఆపేశావు.”

ఆమె మొదటి నుంచి ఎత్తుకుంది. మెట్లెక్కింది. పై మెట్టు మీద ఆగింది. దుప్పటి కింద నుంచి చిన్న పిడికిలి వచ్చి ఆమె మోకాలి మీద మెత్తగా ఒకసారి పడింది. పిచ్చుక కళ్ళు మూసుకుంది.

మిగిలిన మెట్లు దిగాక ఆమె జోకొట్టడం ఆపింది. అదే సమయానికి వంటింట్లో పంపు ఆగింది. అత్తగారు కూడా వింటున్నట్టుంది. ఆమె వంగి, పాప మొహం దగ్గరగా చెవి పెట్టింది. ఊపిరి నిదానంగా, ఒకే తీరున వస్తోంది. రెప్పలు కదలడం లేదు.

చాలాసేపు అలాగే విన్నది. నిద్రపోయిందో, నిద్రపోయినట్టుందో, ఆమెకి తెలియలేదు.